తోడు చూలు

నవనీతకు ఇంకా పెళ్ళి కాలేదు. అయినా ఆ పొద్దున వీధి కుళాయి దగ్గర, బిందె సగమైనా నిండకముందే, పదిమందీ చూస్తుండగా భళ్ళున వాంతి చేసుకుంది.

ఇంకేం కావాలి? నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ ముక్కున వేలేసుకుంది. ఇంకొకావిడ ఎక్కడలేని ప్రేమ ఒలకబోస్తూ, "రాత్రి ఏం తిన్నవ్ బిడ్డా?" అని అడిగింది. నవనీత నోరు కడుక్కుని, బిందె చంకకెత్తుకుని, "తిండి కాదు పెద్దమ్మా, వేవిళ్ళు. నాయి కావు, ఎర్రగట్టు స్వరూపక్కవి" అని చెప్పి చక్కా నడిచి వచ్చేసింది.

చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. కాకపోతే అలాంటి నిజం విని ఊరుకునేదెవరు? ఆమె ఇల్లు చేరేలోపు కబురు చేరిపోయింది. వాళ్ళమ్మ అండాలు కుట్టుమిషను ఆపేసి, సగం కుట్టిన జాకెట్టు ఒళ్ళో పెట్టుకుని, గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది.

"ఊరంత కోడై కూస్తున్నదే నవనీతా! ఎవ్వరికని జవాబు చెప్పాలె నేను? సంబంధం చూడవచ్చినోళ్ళకు ఏమని చెప్పాలె?"

"ఉన్నదే చెప్పు. నా బిడ్డ మంత్రసాని సదువు సదువుతున్నదని చెప్పు."

"మంత్రసాని సదువైతే కాన్పు జేసుడు నేర్పాలె గని, మంది కడుపులు మోసుడేందే?"

"కాన్పు ఒక్క పూటమ్మా. దానికి ముంగట తొమ్మిది నెలలుంటయ్. ఆ తొమ్మిది నెలలు తెల్వనిది కాన్పు దగ్గరికి రావొద్దంటది మా మేడం."

అండాలు ఇంకేదో అనబోయింది. అంతలో నవనీత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. ఇక చేసేదేముంది! తిట్టే నోటితో తిడుతూనే అండాలు నిమ్మకాయ కోసి, ఉప్పద్ది, కూతురి చేతిలో పెట్టింది.

ఆ మేడం పేరు డాక్టర్ హైమావతి. పట్నం చివర, రైలు గేటు దాటాక, ఆమె నడిపే మంత్రసానుల శిక్షణ కేంద్రం ఉంది. అక్కడికి వచ్చే పిల్లలను చూసి చూసి ఆమెకు విసుగెత్తిపోయింది. గర్భిణికి వచ్చే ప్రమాద సూచనలన్నీ ఎక్కాల్లా గడగడా అప్పజెప్పేవాళ్ళు. తీరా వార్డులో ఓ తల్లి "తల నొస్తున్నదమ్మా" అంటే, తలైనా ఎత్తకుండా "తలనొప్పి" అని రాసుకుని పక్క మంచానికి వెళ్ళిపోయేవాళ్ళు. ఎవరి నొప్పి వాళ్ళకే తెలుస్తుంది, మనమేం చేస్తాం అని సరిపెట్టుకునే మనిషి కాదు హైమావతి. ఇంజనీర్లను వెంటేసుకుని ఏళ్ళ తరబడి కుస్తీ పట్టి, 'తోడు' అనే పరికరాన్ని తయారుచేసింది.

నవనీతకు అది మొదటిసారి తగిలింది ఎర్రగట్టులో, స్వరూప వాళ్ళ ఇంటి వసారాలో. స్వరూప నడుముకు బెత్తెడు వెడల్పు పట్టీ చుట్టి, హైమావతి ఇనుప కొక్కెం బిగించింది. బట్టల లోపల పల్చటి అంగీ తొడుక్కుని నవనీత ఎదురుగా నిలబడి ఉంది. కొక్కెం టక్కుమనగానే ఉలిక్కిపడింది. ఎవరో వెనకనుంచి వచ్చి నడుము పట్టుకున్నట్టయింది. హైమావతి స్వరూప పొట్ట మీద బొటనవేలితో మెల్లగా నొక్కింది. నవనీత పొట్ట మీద అక్కడే, అంతే నొక్కు పడింది.

"ఏమైంది చెప్పు" అంది హైమావతి.

"బొడ్డు కింద, కుడిపక్కన నొక్కిన్రు మేడం."

"ఇకనుంచి ఆమెకు నడుము లాగితే నీకు లాగుతుంది. ఆమె కడుపు పెరిగినకొద్దీ నీకూ బరువు తెలుస్తుంది. ఆమెకు రక్తపోటు పెరిగితే నీకు మెడ వెనక బిగుస్తుంది. చంక కింద అతికించిన బిళ్ళ మందు వదులుతుంది, దాంతో నీ ఒళ్ళు ఇది నిజమేనని సగం నమ్ముతుంది. కానీ అంగీ చెప్పిందే వేదం అనుకోకు. అది చెప్పగానే వచ్చి అడగాలి, చూడాలి, తాకాలి, వినాలి. ఏ నిర్ణయమైనా ఆ తర్వాతే."

అంగీకి మెడ కింద ఒక గుండీ ఉంది. దాన్ని గట్టిగా నొక్కితే ఇద్దరి మధ్యా తెగిపోతుంది, మళ్ళీ అతుక్కోదు. "నెలనెలా అడుగుతాను, తీసేస్తావా అని. తీసేస్తానంటే తప్పు పట్టను" అంది హైమావతి. ఊరికే అనలేదు ఆ మాట. మొదటి జట్టులో చాలామంది మధ్యలోనే గుండీ నొక్కేశారు. చివరిదాకా మోసిన పిల్ల ఒకతె ఇంటికి వెళ్ళిపోయి, సొంత అక్క బిడ్డను కూడా ఎత్తుకోనంటోందట.

కొట్టంలో బర్రెకు మేత వేసి వచ్చిన స్వరూప అత్త కొమురవ్వ గుంజకు ఆనుకుని ఇదంతా చూస్తోంది. ఇద్దరు మనవలు ఎనిమిదో నెలలో కడుపులోనే పోతే మట్టిలో పెట్టి వచ్చిన మనిషి. ఈసారి చెట్టుకూ పుట్టకూ మొక్కుతోంది, ఎవరే పట్టింపు చెప్పినా పాటిస్తోంది. "ఈ ఇనుము కడుపుమీద ఎన్నొద్దులుండాలె డాక్టరమ్మా?" అని అడిగింది.

"కాన్పు దాకా. తీస్తే మాకు తెలిసిపోతుంది. మళ్ళీ పెట్టేదాకా మీ ఫోను మోగుతూనే ఉంటుంది."

"తియ్యంలే" అంది కొమురవ్వ. కానీ ఆమె చూపు ఆ కొక్కెం మీదనుంచి కదల్లేదు.

అత్త నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళినప్పుడు స్వరూప గొంతు తగ్గించి అంది. "రెండుసార్లు గూడ నాకు ముందే తెల్సింది చెల్లె. బాగ లేదు, బాగ లేదని చెప్పిన. కడుపుతోని ఉన్నోళ్ళకు అట్లనే ఉంటదన్నరు. ఎట్లున్నదో చెప్పు అంటే నాకు చెప్పరాకపాయె."

భర్త గొర్రెల మంద తోలుకుని కృష్ణ ఒడ్డుకు వెళ్ళాడు. వానలు పడేదాకా రాడు. స్వరూప కళ్ళు నవనీత ముఖంలో దేనికోసమో వెతుకుతున్నాయి. నవనీతకు గుండె చెరువైపోయింది.

"ఈసారి నువ్వు చెప్పకున్నా నాకు తెలుస్తది అక్కా. తెల్సిన్నాడు వస్త. ఎవ్వరాపినా వస్త."

"ఒట్టా?"

"ఒట్టు."

ఆ ఒట్టు పట్టుకుని నవనీత నెలలు ఈడ్చింది. ఈడ్చడమంటే మాటలా! బస్సులో నిలబడలేక ముసలాయనను సీటు అడిగి తిట్లు తింది. ఒకరోజు పాఠం వింటూ వింటూ తడిసిన మట్టిగోడ నాకాలన్నంత ఆశ పుట్టింది. వెంటనే ఎర్రగట్టు బస్సెక్కి స్వరూప ముందు నిలబడింది. "అక్కా, మట్టి తింటున్నవా?" స్వరూప కొంగులోని మట్టిబెడ్డ జారవిడిచి పకపకా నవ్వింది. "దొంగతనం గూడ దాగదాయె నీతోని!" నవనీత ఆమె కింది కనురెప్పను దించి చూసింది. పాలిపోయి ఉంది. ఇనుము మాత్రలు ఏవని అడిగితే, అవి మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని కొమురవ్వ గాదె వెనక దాచిన సంగతి బయటపడింది.

"అవ్వా, నల్లపిల్లైతే ఎత్తుకోవా ఏంది?" అంది నవనీత.

కొమురవ్వ ముఖం ముడుచుకుంది. ఆ తర్వాత తనే మాత్ర, నీళ్ళ చెంబు పట్టుకొచ్చి కోడలి పక్కన నిలబడింది. ఆ రోజునుంచి మాత్ర తప్పలేదు.

ఆరో నెలలో, అండాలు జాకెట్టుకు కాజాలు కుడుతుండగా, పక్కన కూర్చున్న నవనీత "అమ్మా!" అని అరిచింది. తల్లి చెయ్యి లాక్కుని అంగీ మీద పెట్టుకుంది. బట్ట కింద ఏదో మెత్తగా మెదిలి తప్పుకుంది. అండాలు చెయ్యి తీసేసింది, మళ్ళీ తనే పెట్టింది. "ఎవల కడుపైతేంది" అని గొణుక్కుని వంటింట్లోకి వెళ్ళింది. ఆ సాయంత్రం కూతురికి ఇష్టమని సర్వపిండి చేసింది. సంబంధాల మాట మళ్ళీ ఎత్తలేదు.

నెలాఖరున హైమావతి అడిగేది. "తీసేస్తావా?"

"తియ్య మేడం."

ఎనిమిదో నెల వచ్చింది. అందరూ భయపడుతున్న నెల. ఒక పొద్దున నవనీతకు మెడ వెనక పట్టు బిగిసింది. తల బరువెక్కింది. అంగీ చెప్పగానే అడగమన్నారు కదా, స్వరూపకు ఫోను చేసింది. "ఏం లేదు చెల్లె, మంచిగున్న" అంది స్వరూప. ఆ గొంతులో పస లేదు. వెనక కొమురవ్వ మాట వినిపిస్తోంది. "గ్రహణం ముంగట చెడు మాట నోట్లకెళ్ళి రానియ్యకు!"

సూర్యగ్రహణం ఇంకో రెండు రోజుల్లో ఉంది. హైమావతి తెర మీద అంకెలు చూసింది. రక్తపోటు పెరిగింది, హద్దు మాత్రం దాటలేదు. వెళ్ళి చూద్దామంటే, గ్రహణం విడిచేదాకా గడప తొక్కవద్దని కొమురవ్వ ఖరాఖండీగా చెప్పేసింది. "మర్నాడు పొద్దున్నే వెళ్దాం. ఈలోపు హద్దు దాటితే ఎవరు వద్దన్నా వెళ్దాం" అంది హైమావతి. నవనీత మెడ పట్టుకునే ఆ రెండు రోజులూ గడిపింది.

గ్రహణం రోజు పొద్దెక్కగానే విచిత్రం జరిగింది. మెడ బిగువు ఒక్కసారిగా వదిలిపోయింది. తల తేలికపడింది. కేంద్రంలో తెర మీద గుండె నెమ్మదిగా, నిబ్బరంగా కొట్టుకుంటోంది. హైమావతి ఫోను చేసి, "అంకెలన్నీ చక్కగా ఉన్నాయి. ఇంత బాగా ఎప్పుడూ లేవు. విశ్రాంతి తీసుకో" అంది. నవనీత ఊపిరి పీల్చుకుంది.

అండాలు ముందురోజే, నవనీత ఉంటున్న కేంద్రం హాస్టలుకు వచ్చి దిగింది. కూతురి కడుపులో ఏమీ లేదని ఆమెకు తెలుసు. తెలిసినా ప్రాణం ఒప్పుకోలేదు. కిటికీలకు దుప్పట్లు కట్టి, నీళ్ళలో గరిక వేసి, నవనీతను మంచం మీద కూర్చోబెట్టి కాపలా కూర్చుంది.

కాసేపటికి నవనీత కడుపులో గుడగుడ మొదలైంది. మామూలు గుడగుడ కాదు. లోపల ఏదో పెద్ద తిత్తి కదిలినట్టుంది. ఆ తర్వాత అడుగునుంచి ఒక ముద్ద పైకి ఎగదన్నినట్టయి, గొంతుదాకా వచ్చి, ఆగి, తాపీగా కిందికి దిగింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ దిగింది. తనకు తెలియకుండానే నవనీత దవడలు అటూ ఇటూ ఆడుతున్నాయి. వాంతి వచ్చేలా లేదు. పైగా హాయిగా ఉంది, కునుకు పడుతోంది.

అండాలు చూసి చూసి ఫక్కున నవ్వింది. "ఏందే, బర్రె నెమరేసినట్టు!"

నవనీత దవడలు ఆగిపోయాయి. ఎర్రగట్టు పెరట్లో నిండు చూడితో ఉన్న బర్రె కళ్ళముందు మెదిలింది. కొక్కెం మీదనుంచి కదలని కొమురవ్వ చూపు గుర్తొచ్చింది. గ్రహణంలో కడుపు మీద ఇనుము ఉండకూడదని ఆమెకెవరో పట్టింపు చెప్పి ఉంటారు. పట్టీ తీస్తే ఫోను మోగుతుంది. కొమురవ్వ ఏం చేసి ఉంటుందో అర్థమైపోయింది. తేలికపడ్డది స్వరూప తల కాదు.

"అమ్మా, జరుగు. నేను పోవాలె."

అండాలు తలుపుకు అడ్డం నిలబడింది. "గ్రహణం పట్టిందే! కాలు బయట పెడితే కాళ్ళిరగ్గొడ్త!"

"ఆ పట్టీ బర్రెకు కట్టిన్రమ్మా. అక్కకెట్లున్నదో ఇప్పుడు ఎవ్వరికి తెల్వదు. తెలుస్తదని నేను ఒట్టు పెట్టిన."

అండాలు కూతురి ముఖం చూసింది. ఈ పిల్ల పట్టిన పట్టు విడవదని ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. చెంబులోంచి తడి గరిక తీసి నవనీత జడలో దోపి, తలుపు తీసింది.

నవనీత కేంద్రానికి పరిగెత్తి హైమావతికి సంగతి చెప్పింది. డ్రైవరు గ్రహణంలో బండి తీయనన్నాడు. హైమావతి అతని చేతిలోంచి తాళాలు లాక్కుని తనే నడిపింది. "బర్రె గుండె చూసి చక్కగా ఉందన్నానా నేను!" అని దారిలో ఒక్కసారి అంది. ఇంకేం మాట్లాడలేదు. రోడ్డు మీద పిట్ట కూడా లేదు, ఎండ పలచబడి పసుపచ్చగా ఉంది.

కొమురవ్వ వాకిట్లోనే ఎదురొచ్చి గుండెలు బాదుకుంది. "సూలింతవు గ్రహణంల ఎట్లొచ్చినవే! నీకేం పోయేకాలం వచ్చిందే!"

నవనీత ఆగకుండా లోపలి గదిలోకి నడిచింది. చీమ దూరే సందు లేకుండా కప్పేసిన చీకటి. చాప మీద స్వరూప వెల్లకిలా, చేతులు చాచి, కట్టెలా పడుకుని ఉంది. నవనీత చేత్తో తడిమి ఆమెను ఎడమపక్కకు తిప్పింది.

"కదలొద్దన్నది అత్తమ్మ" అంది స్వరూప. "కదిలితే ఈసారి గూడ..."

"ఏం గాదు. తల నొస్తున్నదా అక్కా?"

"పలుగుతున్నది చెల్లె. మొన్నటిసంది."

"కండ్లకు ఏమన్న కనపడుతున్నదా?"

"ఇంత చీకట్ల గూడ మిణుగురు పురుగులు ఎగురుతున్నయ్."

ఆ గదిలో మిణుగురులెక్కడివి! చూడడానికి లేదు కనుక నవనీత చేతులతోనే పని కానిచ్చింది. కాలి ఎముక మీద వేలు నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. మెట్టెలు వేళ్ళను కోస్తున్నాయి. పక్కటెముకల కింద చెయ్యి వేయగానే స్వరూప మూలిగింది. పొట్టను రెండు చేతులతో పట్టి బిడ్డ వీపు ఎటుందో వెతికింది. అక్కడ చెక్క గొట్టం ఆనించి చెవి పెట్టింది. చిన్న గుండె ఉరుకులు పెడుతోంది. ఉంది, ఇంకా ఉంది!

"మేడం, గుర్రపువాతానికి ముంగట ఉన్నది. రక్తపోటుతోని వచ్చే ఆ ఫిట్సు ఇంక రాలేదు" అంది నవనీత. హైమావతి ఫోను వెలుగులో రక్తపోటు చూసింది. అది హద్దు దాటి ఎక్కడికో పోయింది. మారు మాట లేకుండా ఇంజెక్షన్లు తీసి, చెయ్యాల్సినవి చేసింది. "వెంటనే పెద్దాసుపత్రికి. బిడ్డను బయటికి తీస్తే తప్ప ఇద్దరూ దక్కరు."

కొమురవ్వ గడప మీద రెండు చేతులూ చాచి నిలబడింది. ఆమె కళ్ళనిండా నీళ్ళు. "గ్రహణం విడిచినంక తీస్కపోండ్రి. మీ కాళ్ళు మొక్కుత. ఇద్దర్ని పోగొట్టుకున్న. దీని మీద నీడ పడనియ్య."

నవనీతకు ఆమెను తోసుకుని పోవాలని లేదు. ఎదురుగా వెళ్ళి నిలబడింది. నడుము మీద చెయ్యి వేసుకుని, వెనక్కి వాలి, ఎనిమిదో నెల మనిషి ఎలా నిలబడుతుందో అలా నిలబడింది.

"అవ్వా, ఆ ఇద్దర్ని గ్రహణం తీస్కపోలే. ఈ తలనొప్పే తీస్కపోయింది. నేను గూడ ఎనిమిది నెలలు మోసిన. ఆ నీడలకెళ్ళే వచ్చిన, మా అమ్మ తలుపుకు అడ్డం నిలబడ్డా వచ్చిన. ఏదన్న అంటితే ముంగట నాకంటనీ. అక్కను పోనియ్యి."

కొమురవ్వ ఆమెను పైనుంచి కిందికి చూసింది. జడలో గరిక చూసింది. చెయ్యి చాచి నవనీత పొట్ట మీద పెట్టింది. కాసేపటికి ఆ చెయ్యి తీసి, కొంగుతో ముఖం తుడుచుకుని, దండెం మీది నల్ల గొంగళ్ళన్నీ లాగింది.

"బండి అద్దాలకు ఇవి కట్టుండ్రి. దాని మీద ఎండ పొడ పడొద్దు" అంది. "పట్టీ కొట్టంల ఉన్నది. నా బుద్ధి గడ్డి తిన్నది బిడ్డా."

బర్రె కడుపుకు పలుపుతాడు జోడించి కట్టిన పట్టీని నవనీత విప్పుకొచ్చింది. అది తల తిప్పి చూసి మళ్ళీ నెమరు వేసుకుంది. కారులో, గొంగళ్ళ చీకట్లో, ఆ పట్టీని స్వరూపకు మళ్ళీ కట్టి కొక్కెం బిగించింది.

నొప్పి ఒక్కసారిగా వచ్చి పడింది. మెడ వెనక ఇనుప పిడికిలి. పక్కటెముకల కింద మంట. ఇంత నొప్పిని రెండు రోజులు నోరు మెదపకుండా ఎలా భరించావే అక్కా! నవనీత ఒక చేత్తో స్వరూప చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో సీటు పట్టుకుంది. ముందు సీట్లోంచి హైమావతి అడుగుతోంది. "ఎలా ఉంది?"

"అట్లనే ఉన్నది."

రైలు గేటు పడి ఉంది. బండి ఆగింది. "ఇప్పుడు?"

"అట్లనే... లేదు మేడం, కొంచెం వదులుతున్నది. మందు పట్టింది. మెడ వదులుతున్నది!"

కొమురవ్వ ఇద్దరి పాదాలూ ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూనే ఉంది. ఆసుపత్రి చేరేసరికి గ్రహణం విడిచిందో లేదో ఎవరూ చూడలేదు.

ఆపరేషను గది తలుపు ముందు హైమావతి నవనీతను ఆపింది. "ఇక గుండీ నొక్కు. కోత నీ ఒంటి మీదికి రాకూడదు. ఎలాగూ వాళ్ళు పట్టీ తీసేస్తారు."

నవనీత గుండీ మీద వేలు పెట్టింది. పెట్టిన వేలు ఆడలేదు. లోపల, ఎడమపక్కన, బిడ్డ మడమ ఒకసారి మెల్లగా రాసుకుంటూ వెళ్ళింది. అది ఆగేదాకా చూసి, కళ్ళు మూసుకుని నొక్కింది.

బరువు పోయింది. వేడి పోయింది. నెలల తరబడి కడుపులో ఉన్న సందడి అంతా పోయింది. కాసేపటికి తలుపు అవతల సన్నగా ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. నవనీత రెండు చేతులూ ఖాళీ పొట్ట మీద పెట్టుకుని గోడవారగా కూలబడింది.

స్వరూప దక్కింది. పిల్ల చారెడు ఉన్నా గట్టిపిండం. కేంద్రంలో అందరూ నవనీతను మెచ్చుకున్నారు. ఆమె మాత్రం మంచం దిగలేదు. బిళ్ళ మందును నమ్మిన ఒంటికి పాలు పడి, జాకెట్టు తడిసిపోతోంది. తాగే నోరు లేదు. బిడ్డ పోయిందని ఏడవడానికి లేదు, బిడ్డ ఉంది. బిడ్డ పుట్టిందని సంబరపడడానికి లేదు, బిడ్డ ఈమెది కాదు. అండాలు తువ్వాళ్ళు మారుస్తూ, కూతురి తల నిమురుతూ, ఏమని ఓదార్చాలో తెలియక అల్లాడిపోయింది.

హైమావతి వచ్చి మంచం అంచున కూర్చుంది. "అన్నీ కొలిచాను. దీన్ని కొలవాలని నాకు తోచలేదు" అంది. "రేపు వచ్చే పిల్లలెవరికీ ఈ అంగీ తొడగను నవనీతా. ఆపేస్తున్నాను."

నవనీత గోడవైపు తిరిగి పడుకుంది.

అలా కొన్నాళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం హాస్టలు గుమ్మంలో కొమురవ్వ గొంతు ఖంగుమంది. "యాడున్నదే నా రెండో బాలింత?"

నెత్తిన గంప, చంకలో మూట. గంప దించి, కొంగు బిగించి, ఎవరినీ అడగకుండా నవనీతను లేపి నిలబెట్టింది. మూటలోంచి పాత మెత్తని చీర తీసింది. "బాలింతకు నడుము కట్టు కట్టకుంటే గాలి పోదా? సదువుకున్నోళ్ళు ఇంతమంది ఉండి పిల్లను ఇట్లనే వదిలేసిన్రు. నువ్వన్న చెప్పకపోతివి అండాలమ్మా!"

"నాకేం తెల్సు అక్కా. ఇది బాలింతనో కాదో నాకే తెల్వకపాయె" అంది అండాలు.

"మొయ్యలే? మోసింది. దింపుకోలే? దింపుకున్నది. ఇంకేం గావాలె?"

చీరను పొట్ట చుట్టూ తిప్పి, మోకాలు ఆనించి, ఊపిరాడకుండా బిగించి ముడివేసింది. ఖాళీగా వేలాడుతున్నట్టున్న కడుపును ఇన్నాళ్ళకు ఎవరో పట్టుకున్నారు. నవనీత ఆమె భుజం మీద తల పెట్టి భోరున ఏడ్చింది. కొమురవ్వ ఏడవనిచ్చింది. ఏడుపు తగ్గాక, "స్వరూప నిన్ను రమ్మంటున్నది. పిల్లకు నువ్వే పేరు పెట్టాలెనట. నల్లగనే ఉన్నది, కాకిపిల్ల" అంది ముచ్చటగా.

నవనీత ముక్కు తుడుచుకుని, వాకిట్లో నిలబడి ఉన్న హైమావతి వైపు తిరిగింది.

"ఆపొద్దు మేడం. నేను మోయకపోతే ఆ నొప్పి నాకు తెల్వకపోవు, అక్క దక్కకపోవు. గని ఇగనుంచి తోడు మోసే ప్రతి పిల్లకు గూడ బాలింతకు చేసేటియన్ని చెయ్యాలె. కట్టు కట్టాలె, సెలవియ్యాలె. మోసినంక ఆ బిడ్డను ఎత్తుకోనియ్యాలె. ఈ నియమాలు పెట్టుండ్రి. పెడితే వచ్చే జట్టుకు నేనే నేర్పిస్త. ఒళ్ళు కోలుకున్నంక ఇంకో అక్కకు తోడు గూడ పోత."

"పెడతాను" అంది హైమావతి. "ఆ కట్టు కట్టడం ముందు నాకు నేర్పమను."

కొమురవ్వ గంప మీది గుడ్డ తీసింది. గిన్నెనిండా జున్ను, బెల్లం, మిరియాల వాసన. "మా బర్రె గూడ ఈనింది. దుడ్డె పుట్టింది. కాసేపు నీ కడుపుల గూడ ఉండెనాయె!" హాస్టలు పిల్లలు కిలకిలా నవ్వుతూ చుట్టూ మూగారు. హైమావతికి ఒక ముక్క, అండాలుకు ఒక ముక్క, పిల్లలందరికీ తలా ఒక ముక్క. ఎన్నాళ్ళకో ఆకలేసి నవనీత కూడా చెయ్యి చాచింది.

కొమురవ్వ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"బాలింతవు, నీకేం జున్నే? మందం జెయ్యదా? నీకు కాయం జేసుకొచ్చిన." మూట అడుగునుంచి శొంఠి, పిప్పళ్ళు వేసి దంచిన నల్లటి ముద్ద తీసి, నేతిలో అద్దింది.

అండాలు జున్ను గిన్నె మీద మూతపెట్టి కూతురికి అందకుండా పక్కకు జరిపింది. "అవునే, నేనే మర్చిపోయిన. నెల దాకా ఆశపడకు" అంది.

నవనీత బాసింపట్టు వేసుకుని కూర్చుని, నోరు తెరిచింది.